ఎడమచేతి జాయ్‌స్టిక్

నాంపల్లి,
సోమవారం

ప్రియమైన బావకు,

ఫోన్ చేస్తే పోట్లాటతో మొదలై పోట్లాటతోనే ముగుస్తోంది. అందుకే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో కవర్లు కొన్నాను. ఉత్తరంలో అయితే ఒకరి మాట పూర్తయ్యాకే రెండోవారు అందుకోవాలి.

వర్క్‌షాపులో నాకు అప్పజెప్పిన పని ఒక రూపానికి వచ్చింది. ట్రాక్టరు ముందు బకెట్టును కదిపే నూనె వాల్వులకు ఇప్పుడు బరువైన లివరు గుంజాలి కదా. దాని బదులు కరెంటుతో కదిలే వాల్వులు పెట్టి, సీటు పక్కన చిన్న జాయ్‌స్టిక్ బిగిస్తున్నాం. ఎంత వంచితే అంత నూనె. చెయ్యి తీస్తే తనంతట తానే మధ్యకొస్తుంది, బకెట్టు ఉన్నచోటే ఆగుతుంది.

వైరింగ్ ఇక్కడి సీనియర్ శశికిరణ్ గారు నేర్పారు. ఆదివారం ఫుట్‌పాత్ దుకాణాల్లో నాకోసం హైడ్రాలిక్స్ పుస్తకం వెతికారు. వాల్వు మొదటిసారి కదిలిన రోజు మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తినిపించారు. మొదటి సెట్టు మన ట్రాక్టరుకే ఇవ్వాలని ఓనరును ఒప్పించాను. నువ్వు ఔనంటే చాలు.

నీ నవత

*

ప్రియమైన నవతకు,

వాల్వు సంగతి ఒక్కసారికే అర్థమైంది. ఐస్‌క్రీం సంగతి ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. నేను తినిపిస్తానంటే దగ్గొస్తుందన్నావు. ఆయన తినిపిస్తే రాలేదా?

అమ్మకు చదివి వినిపించాను. "ఆ శశి ఎవలురా? ఆడపిల్లనా?" అంది.

"కాదే, మొగోడే."

"గట్లనా," అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ "గట్లనా" ఇంకా నా చెవిలోనే ఉంది.

నువ్వు పట్నం పోయాక ట్రాక్టరు ముందు నిలబడి "జర పైకి, జర కిందికి" అని చెయ్యి ఊపేవాళ్లు లేరు. అక్కడ నువ్వు ఆయన పక్కనే కూర్చుంటావా? ఆయన చేతికి కుదిరినదాన్ని నా ట్రాక్టరుకు బిగించొద్దు. నాకు లివరే చాలు.

బాలరాజు

*

బావా,

"ప్రియమైన" రాయబోతే కోపం అడ్డొచ్చింది. నువ్వే పెట్టుకుని చదువుకో.

అవును, పక్కనే కూర్చుంటాను. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని. పని తెలిసినవాళ్ల పక్కన కూర్చుని అడిగే ఇంతదాకా వచ్చాను. అది మాత్రం మానను.

జాయ్‌స్టిక్ సీటుకు ఎడమవైపు వచ్చేలా చేశాను. శశికిరణ్ గారు చూసి, "ఎడమచేత్తో ఎవరు నడుపుతరమ్మా? మార్చు," అన్నారు.

"మా బావ నడుపుతడు సార్. మార్చ," అన్నాను.

నీది ఎడమచేతివాటం, కుడివైపు లివరు కోసం నువ్వు ఒళ్లంతా మెలితిప్పుకోవడం నాకు తెలుసు. ఆ లివరు ఎటు తోస్తే బకెట్టు ఏం చేస్తుందో కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాను, అలాగే వైర్లు కలిపాను. ఈ ఒక్క పనికి ఎవరినీ అడగలేదు.

పెట్టె బస్సులో పంపుతున్నాను. ఎలా బిగించాలో మెకానిక్ బిచ్చయ్య మామకు బొమ్మ గీసి పెట్టాను. వద్దనుకుంటే తిప్పి పంపు. ఇంకొకరి ట్రాక్టరుకు పోతుంది.

నవత

*

ప్రియమైన నవతా,

తిప్పి పంపుదామనే పెట్టె విప్పాను. పిడి నా ఎడమచేతిలో ఇట్టే ఇమిడింది. బిగించమన్నాను.

పాత లివరు ఎడమకు తోస్తే బకెట్టు లోపలికి ముడుచుకునేది. అదే అలవాటుతో పేడ ఎత్తి ఎడమకు వంచాను. బకెట్టు పేడంతా బిచ్చయ్య మామ చెప్పుల మీద కుమ్మరించింది.

"గీ పిల్లకు కుడేదో ఎడమేదో తెల్వదా? పట్నం సదువు గిదేనా?" అని మామ గంతులేశాడు. నాకైతే సంబరమే. తప్పు ఆ శశికిరణ్‌దే అయ్యుంటుందనుకున్నాను.

మామ చెప్పులు వెతకడానికి దిగి ట్రాక్టరు ముందుకు పోయాను. నువ్వు నిలబడే చోటు. అక్కడి నుంచి సీటు వైపు చూశాను. నేను ఎడమకు తోసిందంతా అక్కడ నిలబడ్డవాళ్లకు కుడికి కనిపిస్తుంది. కళ్లు మూసుకుని నువ్వు గుర్తు చేసుకున్నది అదే.

అక్కడ నిలబడి నువ్వు బకెట్టును చూస్తున్నావనుకున్నాను ఇన్నాళ్లూ. నా చేతిని చూశావన్నమాట.

మామ వైర్లు మారుస్తానన్నాడు. "ఆమెనే వచ్చి మారుస్తది," అని ఆపాను. సెలవు పెట్టి రా. ఈసారి సీట్లో నువ్వు కూర్చో. ముందు నిలబడి చెయ్యి ఊపడం నా వంతు. చెప్పులు దూరంగా విడిచే వస్తాను.

ఐస్‌క్రీం సంగతి మాత్రం నేనింకా మరిచిపోలేదు.

నీ బావ
బాలరాజు