ఎండకి పదహారు

డిసెంబరు 3
మా ఆయన లైట్ మీటరు ముట్టరు. ఆకాశం వైపు ఓ చూపు చూసి లెన్స్ నంబరు చెప్పేస్తారు. ఎండకి పదహారు, పల్చటి మబ్బుకి పదకొండు, దట్టమైన మబ్బుకి ఎనిమిది, నీడలో నాలుగు. నంబరు తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ పోతుంది. ఊరంతా ఆ కంటికి దండం పెడుతుంది. దానికి శుక్లం పట్టిందని నాకొక్కదానికే తెలుసు. ఎండ కూడా ఆయనకి మబ్బులాగే కనిపిస్తోంది. ఫిల్ము మాడిపోయి వస్తుంటే, కడిగేది నేనే కాబట్టి, డెవలపర్ మందులోంచి ముందే తీసేసి రెండేళ్ళుగా నెట్టుకొస్తున్నాను. డాక్టరు మాటెత్తితే కస్సుమంటారు.

డిసెంబరు 9
ఆడపడుచు వచ్చింది. డార్క్‌రూమ్‌లో పని కష్టమా వదినా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకుని, ముంచి తీయడమేగా, గేదెకి నేర్పినా చేస్తుంది అన్నారు. ఆవిడ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

డిసెంబరు 14, ఉదయం
మిల్లులో గ్రూప్ ఫోటో. మేనేజరుకి, నాలుగు వందల మందికి. నచ్చితే ఇక మిల్లు పనులన్నీ మాకే. చలికాలం ఎండ, చుర్రుమనదు గానీ కళ్ళు చెదిరే వెలుతురు. ఆయన ఎనిమిది పెట్టారు. పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

సాయంత్రం
ఏ ఫిల్ముకైనా డెవలపర్‌లో ఏడు నిమిషాలు. ఆయన ఫిల్ముకి అయిదే. ఇవాళ పదకొండు ఉంచాను, స్టూలు మీద కాళ్ళూపుతూ. మా తిండీ అందులోనే ఉందని తెలుసు. తెలిసే ఉంచాను.

డిసెంబరు 15
ప్రింటు నిండా తెల్ల చొక్కాలు, వాటి మీద తెల్ల గుండ్లు. ఒక్కడికీ ముక్కు లేదు.

డిసెంబరు 17
మిల్లు గుమాస్తా వచ్చి చెప్పాడు. నా కన్ను తప్పదు సార్, మా ఆవిడ చెయ్యి పడి నాశనమైంది అన్నారట ఈయన. మేనేజరు జాలిపడి ఇంకొక్క ఛాన్సు ఇచ్చాడట. ఫిల్ము మాత్రం బయట ల్యాబ్‌లో కడిగించాలట. ఇదీ పోతే మళ్ళీ గేటు తొక్కొద్దట.
నా చెయ్యి పడిందట! ఎంత మాట!

డిసెంబరు 20
గడప తన్నుకుని పడబోయారు. పట్టుకోలేదు.

డిసెంబరు 22
మిల్లు ఆవరణ. ఆకాశంలో మబ్బు తునక లేదు. అందరూ వరసల్లో సర్దుకుంటుంటే నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు, ఎండా మబ్బా అని. ఇరవై రెండేళ్ళ కాపురంలో నన్నొక మాట అడగడం ఇదే మొదలు.
దట్టమైన మబ్బండీ, ఇక్కడ నీడ కూడా, నాలుగు పెట్టండి అన్నాను.
థాంక్స్ అన్నారు.