కొంగుకు అంటిన పోగులు

బొల్లారం, సికింద్రాబాద్
12 అక్టోబరు 2017

చిరంజీవి కల్పలతకు అమ్మ దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ మేము బాగున్నాము. నువ్వూ బాగున్నానని రాశావు గాని, ఆ అక్షరాలు చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

మీ బాపు మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గిందంటారు, మోండా మార్కెట్‌కు మాత్రం ఆటోలోనే వెళ్ళొస్తారు. ఈ ఇంట్లో ఎవరి మాట నమ్మాలో తెలియదు.

మన వీధి పిల్లలంతా హైటెక్ సిటీ బస్సెక్కుతుంటే, బెంగుళూరులో నువ్వు చేసే పనేమిటో మళ్ళీ విడమరిచి రాశావు. చిప్పులో కంటికి కనపడని అయస్కాంతాలుంటాయని, ఒక్కొక్కటీ చిన్న చిన్న కరెంటు తాకిడులను ఓర్చుకొని ఓర్చుకొని చివరికి ఒక్కసారి తిరగబడుతుందని, మెదడులో నరాల కణం చేసేదీ అదేనని. నా అనుమానాలూ అంతేనమ్మా. ప్రయోగశాలలో నీతో పనిచేసే ఆ జీవరాజు ఫోను, జీవరాజు కొన్న టికెట్టు, జీవరాజు పేరెత్తితే నీ నవ్వు. పండుగకు వచ్చి, "అమ్మా, ఈ డబ్బా ముట్టకు, నీకు దండం పెడ్తా" అన్నావు. అక్కడ నేను తిరగబడ్డాను. అందులో ఉంగరం ఉందనుకున్నాను.

నువ్వు వెళ్ళాక, చిప్పు పనిచేయడం లేదని ఫోను చేశావు. "ఆ పిలగాడే ఏదో చేసిండు బిడ్డా, జెర కనిపెట్టుకోని ఉండు" అన్నాను. మీ బాపు పక్క నుంచి, "మనిషిని సూడనన్న సూడలే, పోలీసోళ్ళ లెక్క కేసు పెడుతున్నవేందే!" అని కసిరారు. నువ్వు నా మాటే విని మీ సారుకు చెప్పావు. ఇప్పుడేమో సోమవారం మీ సారు అతణ్ణి ప్రయోగశాల నుంచి పంపించేస్తారని రాశావు. చిప్పు మీద వెంట్రుకకన్నా సన్నని బంగారు తీగలు తెగి ఉన్నాయనీ రాశావు.

ఆ మాట దగ్గరే చదవడం ఆపేశాను.

దసరా నాడు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తెరిచాను. ఉంగరం లేదు, గోరంత చిప్పు బిళ్ళ ఉంది. నీ పనిముట్టు కదా, ఆయుధపూజ రోజు వట్టిగా మూయబుద్ధి కాలేదు. గంధం, కుంకుమ పెట్టాను. నువ్వు కోప్పడతావని వెంటనే కొంగుతో తుడిచేశాను. కొంగుకు రెండు బంగారు పోగులు అంటుకున్నాయి. చీర జరీ ఊడుతోందనుకొని దులిపేశాను.

ఇది ఫోనులో చెబితే గాలిలో మాటవుతుంది, కాగితమైతే సాక్ష్యమవుతుంది. ముందు జీవరాజుకు, తర్వాత సారుకు ఈ ఉత్తరం చూపించు. అమ్మ పరువు పోతుందని దాచేస్తావేమోనని ఒక అనుమానం మిగిలింది. అందుకే ఇదంతా మళ్ళీ రాసి, జీవరాజు పేరున మీ ప్రయోగశాలకు స్పీడు పోస్టు చేశాను. శనివారానికి అతనికి అందుతుందన్నారు.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న మీ అమ్మ,
విజయమ్మ