మళ్లీ చదవండి సార్

ప్రేమగల అమ్మకు, నీ పెద్దకూతురు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఆయన కృప వల్ల నేనూ, మీ అల్లుడూ, అత్తగారూ బాగున్నాం. ఈ చలికి నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో, చెల్లెలి పిల్లవాడు నిన్ను కాస్త నిద్రపోనిస్తున్నాడో లేదో తెలిస్తే కానీ నా మనసు కుదుటపడదు.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. లేకపోతే "అడిగింది వదిలేసి ప్రసంగం అందుకున్నావు" అంటావు. అత్తగారి తుంటి ఎముక అతుక్కుంటోంది. చేతికర్ర పట్టుకుని కిటికీ దాకా నడుస్తున్నారు. కానీ మంచం దిగాలంటే ఇంకా ఒకరు చెయ్యి అందించాల్సిందే. మీ అల్లుడు సరుకు రైలు నడుపుతూ వారంలో సగం రోజులు పట్టాల మీదే ఉంటారు గనుక ఆ చెయ్యి నాదే. జీతం పెరిగింది. నువ్వు ఆశపడినంత కాదు, నేను భయపడినంత తక్కువా కాదు. బోనస్ అంటే ఏమిటన్నావు. ఏడాదంతా ఒళ్లు వంచి పనిచేసినందుకు జీతం పైన ఇచ్చే సొమ్ము. మా దగ్గర చాలామంది దాన్ని నమ్ముకునే పిల్లల ఫీజులు కడతారు.

"ఇంట్లో కూర్చుని చేసేదీ ఒక ఉద్యోగమేనా?" అని కూడా అడిగావు. అమ్మా, మా పెద్దసారుకూ అదే అనుమానం వచ్చింది.

మాది కన్సల్టింగ్ కంపెనీ అని చెప్పాను కదా. మేం అమ్మేది సలహా. తన ఇల్లు తాను చక్కబెట్టుకోలేని కంపెనీ మమ్మల్ని పిలుస్తుంది. మేం వెళ్లి అంతా తరచి చూసి, ఇలా చెయ్యండని చెప్పి డబ్బు తీసుకుంటాం. పెద్దసారు నోటితో చెప్పే సలహాకు అంకెలూ బొమ్మలూ పేర్చి స్లైడ్లు చేసేది నేను. అత్తగారి మంచం పక్కనే బల్ల వేసుకుని చేస్తాను.

ఈమధ్య ఒక మాట పుట్టింది. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలట, రానివాళ్లకు బోనస్ లేదట. ఆ మాట విన్న అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"నన్ను పెద్దాడింట్లో దింపెయ్యండి" అన్నారు.

పెద్దబావగారింట్లో ఆమె ఇంతకుముందు కొన్నాళ్లున్నారు. పలకరించే దిక్కు లేక గోడ గడియారంతో మాట్లాడానని చెప్పిన మనిషి. మళ్లీ అక్కడికా?

అలాగని మాది పొత్తు కుదిరిన అత్తాకోడళ్ల జంట అనుకోకు. ఆదివారం ప్రార్థన కూటంలో నేను వాక్యం చెప్పడం ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. "ఏ బడిలో నేర్చుకున్నావే ఈ కేకలు?" అంటారు. ఏ బడిలోనూ కాదు, గ్రంథం ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. కూటంలో ముందు వరుసలోనే కూర్చుంటారు. అందరూ ఆమేన్ అనేచోట ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటారు. కోడలిగా వచ్చిన నాటి నుంచి నా మాటకు ఒక్క ఆమేన్ పడలేదు.

అమ్మా, ఇక దాచలేను. ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు నువ్వు నా దగ్గర మాట తీసుకున్నావు: "కూటంలో ఎంతైనా గర్జించు, ఆఫీసులో మాత్రం నోరు విప్పకు." పాత ఉద్యోగం నోటి వల్లే పోయింది గనుక సరేనన్నాను. ఇన్నేళ్లూ నిలబెట్టుకున్నాను. మొన్న బుధవారం తప్పాను.

ఆ రోజు కంపెనీ అంతటికీ కంప్యూటర్లోనే సమావేశం. తెర నిండా అగ్గిపెట్టెలంత మొహాలు. పెద్దసారు కొత్త నియమం చదివారు, అదీ తన ఇంట్లో కూర్చుని! వెనక ఆయన కుక్క మొరుగుతోంది. పొద్దున ఒక బ్యాంకువాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు సలహా చెప్పి వచ్చిన నోరే అది. ఆ స్లైడు చేసిన చేతులు నావి.

"ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నారు, ఉండకూడదన్న గొంతుతో.

కొనేటప్పుడు ఒక తూకపు రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి సంచిలో దాచుకున్న వర్తకుణ్ని దేవుడు ఎలా చూస్తాడో నీకు తెలుసు. నా ఎముకల్లో నిప్పు రాజుకుంది. స్లైడ్లు మార్చే పని నాదే కదా, పొద్దుటిదాన్ని తెర మీదకు తెచ్చి మైకు తెరిచాను.

"సార్, ఇది ఒకసారి చదువుతారా?"

తెర మీద ఏది కనపడితే అది చదివెయ్యడం ఆయనకు అలవాటు. "ఇంటి నుంచి చేయడం వల్ల పనేమీ తగ్గలేదు. హాజరుకూ బోనస్‌కూ ముడిపెడితే మంచి ఉద్యోగులే ముందు వెళ్లిపోతారు..."

"అక్కడ ఆపండి సార్. మళ్లీ చదవండి."

కావాలని అనలేదమ్మా! కూటంలో ఎవరిచేతనైనా వాక్యం చదివించేటప్పుడు అనే మాట, అలవాటుగా దూకేసింది. ఆయనా మారు మాట్లాడకుండా మళ్లీ చదివారు. రెండోసారికి గొంతు సన్నబడింది.

"ఇది అబద్ధమైతే బ్యాంకువాళ్ల డబ్బు వెనక్కిచ్చేద్దాం సార్. నిజమైతే మనకెందుకు వర్తించదు? వాళ్లకొక తూకం, మనకొక తూకమా? ఈ స్లైడు నేను మా అత్తగారి మంచం పక్కన కూర్చుని చేశాను. ఆమెను లేపి నడిపించాను, వచ్చి మళ్లీ చేశాను. ఇందులో ఏ అంకె తప్పిందో చూపించండి!"

అప్పటికి నా గొంతు పూర్తిగా ఆదివారం గొంతైపోయింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. అంతలో నా వెనక మంచం మీంచి ఒక కేక.

"ఆమేన్!"

మైకు తెరిచే ఉంది. కంపెనీ అంతా విన్నది. ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. లెక్కల విభాగం పిల్ల "ఆమేన్" అని రాసి పెట్టింది. దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. తెర పక్కన ఆమేన్లు వానలా కురిశాయి. పెద్దసారు కుక్క కూడా గట్టిగా మొరిగింది.

"ఇదీ మీ పక్షమే" అన్నారాయన, నుదురు రుద్దుకుంటూ. "నాకు రెండు రోజులు టైమివ్వండి."

శుక్రవారం కబురొచ్చింది. హాజరుకూ బోనస్‌కూ ముడి తీసేశారు! ఇంటి నుంచి చేసేవాళ్లు చేసుకోవచ్చు. నా బోనస్ చిల్లుపడకుండా వచ్చింది. పైగా పెద్దసారు ఫోన్ చేసి, "ఈసారి క్లయింటు ముందు మీరే మాట్లాడండి, స్లైడ్లు నేను మారుస్తాను" అన్నారు. ప్రభువుకే మహిమ!

ఆ సాయంత్రం అత్తగారిని లేపుతూ అడిగాను, "ఆమేన్ అన్నారేంటి?"

"నిద్రమత్తులో కూటం అనుకున్నానే."

"కళ్లజోడు పెట్టుకునే ఉన్నారుగా?"

"ఎక్కువ మాట్లాడకు, చెయ్యి సరిగ్గా పట్టుకో."

కిటికీ దాకా నడిచాక, బయటికి చూస్తూ అన్నారు, "మీ అమ్మకు ఉత్తరం రాస్తావు కదా. నీ దగ్గర తీసుకున్న ఆ మాట వెనక్కిచ్చెయ్యమన్నానని రాయి. ఈ నోరు కట్టేసి ఉంటే, ఈపాటికి నేను గడియారంతో మాట్లాడుతుండేదాన్ని."

రాశానమ్మా. ఇక నీ ఇష్టం.

ఇట్లు,
మాట తప్పీ తల దించని
నీ పెద్దకూతురు