ఈగ మీద నా పెన్సిలు

పంతులుగారూ,

మీరు పోయి రేపటికి ఏడాది. సూర్యాపేటలో మా ఫోటో స్టూడియో వెనక కొత్తిమీర మళ్లీ పూతకొచ్చింది. గాలిలో కదలకుండా నిలబడే, మీరు భూతద్దంతో వెంటపడే చారల ఈగలూ వచ్చాయి.

నిరుడు వాటిలో రెండింటికి నాచేత ఫోటోలు తీయించి, "ఇవి రెండు జాతులోయ్" అన్నారు. నేను ఫోటోలు చూపించి, "రెండిటికీ చారలు ఒక్కతీరే ఉన్నయి గద పంతులూ" అన్నాను. మీరు ఆ ఫోటోలు సంచిలో వేసుకుని కోదాడ బస్సెక్కారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈ ఉదయం భూతద్దం పట్టుకుని పూల దగ్గర కూర్చున్నాను. కొన్ని ఈగలకు పసుపు చార నిండుగా ఉంది, కొన్నిటికి నడుమ తెగి ఉంది. లోపలికి పరుగెత్తి ఆ ఫోటోల నిరుటి గాజు నెగటివ్ ప్లేట్లు తీశాను. ఒకదాని మీద సరిగ్గా ఆ చోటే నా పెన్సిలు మరక! అప్పుడు ప్లేటు గీసుకుపోయిందనుకుని, జనం ముఖాల మీది మచ్చలు పూడ్చినట్టే ఆ సందునూ పూడ్చేశాను.

"అయితే పంతులే గెలిచిండు" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

పెన్సిలు తుడిచి, ఆ ఈగ ఫోటో మళ్లీ వేశాను. చేతిలో గుడ్డ ఉండగానే, గోడ మీది మీ ఫోటో తాలూకు ప్లేటు కూడా తీసి తుడిచి, కొత్తగా ఫోటో వేసి అక్కడే తగిలించాను. నేను పూడ్చేసిన అమ్మవారి మచ్చలన్నీ మీ ముఖం మీదికి తిరిగొచ్చాయి.

ఇప్పుడు గోడ మీద ఉన్నది మీరే.