ఏడో నంబరు బండి వెనక తలుపు

శనివారం,
మీరు మేనేజరు గదిలో కునుకు తీసే వేళ

పూజ్యులూ, ఈ వారమంతా మండిపడుతున్నవారూ అయిన బాబాయిగారికి,

మీ అన్నగారి పెద్దమ్మాయి చేతులు జోడించి, పళ్ళు కొరుక్కుంటూ రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీ రక్తపోటు ఎంతుందో పిన్నిని అడిగి తెలుసుకున్నాను. ఫోన్లో పంపకుండా ఈ కాగితం ఎందుకంటారా? సోమవారం పొద్దున్నకల్లా డిపోలో పనిచేసేవాళ్ళందరూ ఫోన్లు తాళం తీసి మీ బల్లమీద పెట్టాలని హుకుం జారీ చేశారు కదా. నా మాట కూడా నేరుగా ఆ బల్లమీదికే రావడం మర్యాద అనిపించింది.

"డిపో గోడ" అనే ఇంటర్నెట్ పేజీలో పేరు లేనివాడెవడో మన డిపో పరువు తీస్తున్నాడనీ, కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాబట్టి ఆ దొంగను పట్టివ్వాలనీ నిన్న నన్ను పిలిపించారు. వచ్చాను. మీరు ఆ పోస్టు గట్టిగా చదివి వినిపించారు. ఏడో నంబరు బస్సు వెనక తలుపును ఇనుపతీగతో కట్టేశారు, నిప్పంటుకుంటే జనం ఎటు దూకాలి, పైవాళ్ళొకసారి ఆ వెనక సీట్లో కూర్చుని చెప్పాలి అని. చదివి, కళ్ళజోడు తీసి, ఇలా రాసేవాడికి పెంపకం సరిగా లేదన్నారు. నేను కిటికీలోంచి చూశాను. బండి అక్కడే ఉంది. తీగా ఉంది. గదిలో పదిమంది ఉన్నారు. తీగ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. రాసిందెవరన్నదే గొడవ.

మనిషన్నాక నోరు విప్పాలని భోజనాల దగ్గర మాకు ఎన్నిసార్లు చెప్పలేదు మీరు? ఆ ఉపన్యాసం అయ్యేసరికి మా కంచాలు చల్లారిపోయేవి.

ఫోన్లిమ్మంటే అందరూ తలూపారు, బళ్ళు కడిగే ఆవిడ తప్ప. ఆవిడ తడి చేతులు తుడుచుకుని అంది: "ఇందులో దాచాల్సింది ఏమీ లేదు సార్. కానీ ఇది నాది."

అయితే సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదన్నారు మీరు. పదకొండేళ్ళుగా కడుగుతున్న మనిషిని. ఆ ఫోన్లో ఆసుపత్రి కాగితాలుంటాయి, అల్లుడి మీద కూతురు చెప్పుకున్న మాటలుంటాయి, సరదాకి పాడుకున్న పాటొకటి ఉంటుంది. మీకెందుకు? పిన్ని మీ ఫోన్లో టైము చూసినా ఇల్లు పీకి పందిరేస్తారే!

ఫోన్లు వెతకడానికి నేను రాను. రాసింది ఆవిడ కాదు, ఆవిణ్ణి పనిలోకి రమ్మనండి. మిగతాది కింద ఉంది. కూర్చుని చదవండి.

ఇట్లు,
మీ దగ్గరే సైకిలు నేర్చుకుని, మీ దగ్గరే చీవాట్లు తింటున్న
అన్నగారి పెద్దమ్మాయి

తా.క.: ఇక్కణ్ణుంచి మీరూ గీరూ లేదు బాబాయ్, నువ్వే. ఆ పేజీ నాది. మాటలు మాత్రం నావి కావు. పోయిన నెల కుళాయి ఊడితే, నువ్వు ఫిట్టరుగా ఉన్నప్పటి పనిముట్ల పెట్టె మా అటక మీద ఉందని గుర్తొచ్చి దించాను. అడుగున కార్బన్ కాపీలు. పైవాళ్ళు అసలు కాగితం చించేస్తారని ప్రతి ఫిర్యాదుకీ నకలు ఉంచుకునేవాడివట. రాత చూసి పట్టేస్తారని ఎడమచేత్తో రాసి, కింద "ఒక కార్మికుడు" అని పెట్టేవాడివట. నాన్న చెప్పాడు. ఏడో నంబరు మీద నువ్వు రాసి ఆరేళ్ళయింది. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఆ బండిలోనే, వెనక సీట్లో. తీగ మారలేదు, కాబట్టి నేనూ ఒక్క అక్షరం మార్చలేదు. నీ నకలు దీంతోపాటే పెట్టాను, చూసుకో.

పెంపకం గురించి నువ్వన్న మాట నాయనమ్మకి ఇంకా చేరవెయ్యలేదు. సోమవారం దాకా ఆగుతాను.