ఎవరూ ఉండని ఇల్లు

ఏమండీ,

ఫోనులో మీరు "సరే సరే, తర్వాత" అని పెట్టేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడి స్టోర్సుతో పాటు ఆ ఊరి గోడౌనూ చూసుకోవడానికి మీరు వెళ్లి ఏడు నెలల పన్నెండు రోజులు. ఇక్కడంతా మామూలే. కుళాయి వాషరు నేనే మార్చుకున్నాను. గోడ అవతల మన కంపెనీ రసాయనాల గోడౌనులో కొత్త షెడ్డుకు పునాదులు పడ్డాయి, సరిగ్గా మన పడకగది కిటికీకి ఎదురుగా. ఘాటు ఇటు కొట్టి కిటికీలు మూసుకున్న రోజులు ఈ నెలలో తొమ్మిది.

మొన్న మంగళవారం పదకొండింటికి సర్వేయరు టేపు పట్టుకుని వచ్చాడు. ఆ పునాది నుంచి మన గోడ దాకా పద్నాలుగు మీటర్లు. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. మెట్ల మీద ప్లాను పరిచి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇదేంటండీ, ఇక్కడ ఎవరూ ఉండరని రాశారే! మీరెవరు?"

తొంగి చూశాను. మన ఇల్లు ఉండాల్సిన చోట చిన్న గీతల పెట్టె. అందులో "పాత షెడ్డు. ఖాళీ. నివాసం లేదు." కింద స్టోర్స్ ఇన్‌చార్జి సంతకం. చివరి అక్షరం తోకను కిందికి లాగి మళ్లీ పైకి తిప్పడం మీకు తప్ప ఎవరికీ రాదు.

నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "ఊడవడానికి వచ్చానండీ" అన్నాను. చేతిలో చీపురు ఉండేసరికి నమ్మేశాడు. "ఖాళీ షెడ్డుని భలే శుభ్రంగా పెట్టావమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. ఒక్క క్షణంలో మీరు నుంచి నువ్వులోకి దిగిపోయాను.

అతను వెళ్లాక చీపురు బాత్రూం మూల పెట్టబోతే పాత సంగతి గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో బాత్రూం కడిగే యాసిడూ బ్లీచింగ్ పౌడరూ కలిపేసి నేను దగ్గుతూ కూలబడితే, చేతుల మీద బయటికి మోసుకొచ్చారు. "పడనివాటిని పక్కపక్కన పెట్టకూడదే పిచ్చిదానా" అని రెండింటినీ రెండు గదుల్లో పెట్టారు. డ్రమ్ముల వరసల మధ్య మనిషి నడిచే దారి లేకపోతే, కారింది బయటికి పారకుండా చుట్టూ కట్ట లేకపోతే అన్నం మానేసి గొడవపడే మనిషి మీరు. ఆ మాట ఎలా రాశారండీ?

మీ ఇంటావిడ


ఏమండీ,

మీ నాలుగు లైన్లు అందాయి. మనుషులున్న ఇల్లు అంత దగ్గరుంటే మండే ద్రవాల షెడ్డుకు అనుమతి రాదనీ, షెడ్డు రాకపోతే మీ ఉద్యోగం నిలవదనీ రాశారు. "అది ఒట్టి కాగితం" అన్నారు. అనుమతి ఇచ్చే ఆఫీసరమ్మ వచ్చి చూసే వారం అక్క ఇంట్లో ఉండమన్నారు. "తాళం వేసి వెళ్లు. ఆరేసిన బట్టలు తియ్యడం మర్చిపోకు" అన్నారు.

ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. మీరు ఇక్కడ ఉన్న రోజుల్లోనూ అంతే. పగలంతా డ్రమ్ముడ్రమ్ముకీ చీటీ చదివి ఇంటికొచ్చేవారు, ఇక నా మొహం చదివే ఓపిక ఉండేది కాదు. మనకు పిల్లలు లేరు. పలకరించేవాళ్లు లేక కుక్కరు కూత పెడితే "వస్తున్నా, ఉండు" అనడం అలవాటైపోయింది. నవ్వకండి. మీ సంతకం చూసినప్పుడు అబద్ధం రాశారని కోపం రాలేదు. నిజమే రాశారేమో అనిపించింది. అందుకే భయమేసింది.

అయినా వెళ్తాను. మీ ఉద్యోగం నా వల్ల పోయిందన్న మాట నాకొద్దు. బట్టలు సర్దుకున్నాను.

మీ ఇంటావిడ


ఏమండీ,

నేను వెళ్లలేదు.

తాళం వేసి, సంచీ పట్టుకుని గోడౌను గేటు దాకా వచ్చాను. వాచ్‌మన్ తాతకు చెప్పి వెళ్దామని ఆయన గదిలోకి తొంగి చూస్తే, గోడకు లిస్టు కనిపించింది. డ్రమ్ము ఏదైనా కారితే ఎవరి తలుపు ముందుగా కొట్టాలో రాసిన లిస్టు. మొదటిది మనిల్లు. దాని మీద ఎర్రగీత.

"ఇదెప్పుడు కొట్టేశారు తాతా?"

"ప్లాను పంపిన రోజేనమ్మా. మేనేజరు కొట్టెయ్యమన్నాడు. నువ్వేం బెంగపడకు, నేనొచ్చి లేపుతాలే. కాకపోతే అది నా మంచితనం, డ్యూటీ కాదు. నేను సెలవు పెడితే మంచితనానికి కూడా సెలవే!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వెనక్కొచ్చి తాళం తీశాను. ఆ షెడ్డులో ఏదైనా జరిగితే నేను పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు కదండీ. ఎవరూ లేని ఇంట్లో ఎవరు పోతారు?

మర్నాడు ఆఫీసరమ్మ వచ్చింది. మా అక్క కూతురి వయసు ఉంటుంది. వెంట వచ్చిన మేనేజరు గుమ్మంలో నన్ను చూసి, తడుముకోకుండా "మా స్వీపరు, మేడమ్" అన్నాడు.

"కాదమ్మా. నేను ఈ ఇంటి మనిషిని. ఇరవై మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను."

అంటూనే తలుపు బార్లా తెరిచాను.

"లోపలికి రావచ్చా ఆంటీ?" అని అడిగిందామె. పొయ్యి మీద పాలు, మంచం మీద మడతపెట్టిన దుప్పటి, బాత్రూంలో ఒకే ఒక్క పళ్ల బ్రష్షు, అన్నీ చూసింది. పడకగది కిటికీ తీసి పునాదుల వైపు చూస్తూ, "తల ఇటే పెట్టి పడుకుంటారా?" అంది. ఊ అన్నాను. మేనేజరు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. అక్కడికక్కడే షెడ్డు పని నిలిపేయమని నోటీసు రాసింది. ఆ సంతకం గురించి మిమ్మల్ని పిలిచి అడుగుతారట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. చేసింది నేనే. మీకు ఇంకెవరో చెప్పేలోపు నేనే చెబుతున్నాను.

చివర్లో ఫారం నింపుతూ, "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని అడిగింది. మీరు సున్నా చేసిన లెక్క అది. ఇద్దరమని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఒక్కదాన్నే" అన్నాను.

అలాగే రాసుకుంది. దిద్దుబాట్లు ఉంటే పదిహేను రోజుల్లో చెప్పాలట. ఒకటిని రెండు చేయాలంటే నా మాట సరిపోదు. ఆ రెండో మనిషే వచ్చి, ఇక్కడ ఉంటున్నానని సంతకం పెట్టాలి.

ఈ ఇంట్లో ఉంటున్న
మీ ఆవిడ