పులికన్ను జాడీలూ, కాన్రాడ్ పేరూ

ఒహాయో రాష్ట్రం, జేన్స్‌విల్ కాపురస్తురాలిని, పెండర్‌గాస్ట్ జాడీల కార్ఖానాలో బొమ్మలు వేసి బతికిన థియొడోరా విట్లాక్ అనే నేను, కాళ్లు మాట వినకపోయినా బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా. దీన్ని జరిపించే బాధ్యత వకీలు హైరమ్ డాబ్స్‌ది.

1. ఇల్లూ సామానూ నా చెల్లెలు లుయెల్లాకు చెందాలి. మెరుపులేని ఆకుపచ్చ పూత జాడీ మాత్రం ఇవ్వను. దాన్ని చూసి లుయెల్లా ఉమ్మితొట్టి అంది. చేతికి దోసకాయ తొక్కలా చల్లగా తగిలే ఆ పూత విలువ మా చెల్లెలికి ఈ జన్మకు తెలియదు. ఆ జాడీని చర్చిలో ఆర్గన్ వాయించే ఐడా స్ప్రాగ్ తీసుకుని, అందులో పూలు పెట్టుకోవాలి.

2. పొగమంచు పూత కింద నది బొమ్మ వేసిన పలక కూడా ఐడాకే. ఆ నీలం మళ్లీ నాకు కుదరలేదు.

3. పులికన్ను జాడీలు. గోధుమరంగు పూత లోపల బంగారు నలుసులు మెరిసే ఆ వింతను ఏ కుంచే వేయలేదు. అది మంటలో పుట్టాలి. మా కార్ఖానాలో కాన్రాడ్ ఎబర్లీ ఆవం కాల్చిన రోజుల్లోనే పుట్టింది. జాడీ అడుగున కార్ఖానా ముద్ర, బొమ్మ వేసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. కాల్చినవాడి పేరు ఉండదు. అతని పేరూ వేయమని మా యజమాని, కీర్తిశేషులు పెండర్‌గాస్ట్ గారిని అడిగాను. "పొయ్యి మండించేవాడికీ పేరు కావాలా? రేపు బొగ్గు తోలేవాడూ అడుగుతాడు," అన్నారు. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది.

ఈ జాడీలను పట్టణ ప్రదర్శనశాలకు ఇస్తాను. షరతు ఒక్కటే: పక్కన పెట్టే చీటీ మీద నా పేరూ కాన్రాడ్ పేరూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. కుదరదంటే అన్నీ కాన్రాడ్‌వే. వాటిలో పుల్లక్యాబేజీ ఊరేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

4. సాక్షి సంతకానికి కాన్రాడ్‌నే పిలిచాను. ఆదివారం కోటు తొడుక్కుని వచ్చాడు. వీలునామాలో లబ్ధి ఉన్నవాడు సాక్షిగా పనికిరాడని డాబ్స్ అన్నాడు. "ఇక్కడ కూడా నా పేరు వద్దంటారా థియో," అని కాన్రాడ్ నవ్వి టోపీ పెట్టుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. అందుకే ఈ నాలుగో అంశం కలిపించాను.

నేను బొమ్మ వేసిన ఆఖరి జాడీ ఇంకా కాల్చకుండా, తడిగుడ్డ కింద ఉంది. అడుగున నా అక్షరాలు పెట్టలేదు. దాన్ని కాన్రాడే కాల్చాలి. కాల్చేముందు తన పేరు, పూర్తి పేరు, అదొక్కటే గీయాలి. చెయ్యి వణికితే కంగారు పడొద్దు కాన్రాడ్, పచ్చిమన్ను కదా, తడివేలితో చెరిపి మళ్లీ రాసుకోవచ్చు.

చదివించుకుని, విని, సమ్మతించి చేవ్రాలు చేశాను.
1931 మార్చి 9
థియొడోరా విట్లాక్

సాక్షులు: ఎస్టెల్ ఫ్రై, నర్సు
వాల్డో క్రమ్, పాలు పోసే అతను